పాత షార్ట్‌వేవ్ రిసీవర్‌లో క్రిస్టల్ మొరాయిస్తే: కడగాలా, సర్దాలా, మార్చాలా?

సెట్టు ఆన్ అవుతుంది, వాల్వులు వెలుగుతాయి, రెండు మూడు బ్యాండ్లు చక్కగా పలుకుతాయి, తర్వాతి బ్యాండ్‌లో మాత్రం ఒట్టి హోరు. లేదంటే కాలిబ్రేటర్ (డయల్‌ను సరిచూసుకునే గుర్తు సిగ్నల్) స్విచ్ వేస్తే వినపడాల్సిన కూత వినపడదు. అనుమానం క్రిస్టల్ (ఒకే నిర్ణీత ఫ్రీక్వెన్సీలో ఊగే స్ఫటికపు పలక) మీదికి పోతుంది. అక్కడి నుంచి దారులు ఐదు: విప్పి కడగడం, ట్రిమ్మర్‌తో (విలువ మార్చగల చిన్న కెపాసిటర్) సర్దుకోవడం, పాత సరుకులో అదే క్రిస్టల్ వెతకడం, కొత్తది చేయించుకోవడం, క్రిస్టల్ స్థానంలో కోరిన ఫ్రీక్వెన్సీ తయారుచేసే సింథసైజరో, ఎక్కువ ఫ్రీక్వెన్సీని భాగించే డివైడరో పెట్టడం. వీటిలో ఏది మేలన్నది క్రిస్టల్ ఎంత పాడైందన్న దానికన్నా, అది సెట్టులో ఏ పని చేస్తోందన్న దాన్ని బట్టే తేలుతుంది. అదే లోపం ఒక చోట లెక్కలోకే రాదు, ఇంకో చోట సెట్టు నోరు నొక్కేస్తుంది.

## తప్పు క్రిస్టల్‌దేనా?

ఆసిలేటర్ (క్రిస్టల్‌ను ఊపి సిగ్నల్ పుట్టించే సర్క్యూట్) ఆగిపోతే ముందు చూడాల్సినవి వాల్వు, సాకెట్ పిన్నులు, విలువ పెరిగిపోయిన కార్బన్ రెసిస్టర్లు, లీకయ్యే పేపర్ కెపాసిటర్లు. ఆసిలేటర్ వాల్వు గ్రిడ్ దగ్గర ఒక మెగాఓమ్ రెసిస్టర్‌ను ప్రోబ్ మొనకే సిరీస్‌లో పెట్టి, డిజిటల్ మీటర్‌తో డీసీ వోల్టేజీ చూడండి. ఆసిలేటర్ నడుస్తుంటే అక్కడ కొన్ని వోల్టుల మైనస్ కనిపిస్తుంది. క్రిస్టల్ పీకగానే అది సున్నా దగ్గరికి పడిపోవాలి. క్రిస్టల్ ఉన్నా లేకపోయినా సున్నా దగ్గరే ఉంటే, ఆ సాకెట్‌లో కచ్చితంగా పనిచేసే వేరే క్రిస్టల్ ఏదైనా పెట్టి చూడండి. ట్యూన్డ్ సర్క్యూట్ ఉన్న ఆసిలేటర్ అయితే ఫ్రీక్వెన్సీ దగ్గరదై ఉండాలి. అప్పుడూ కదలిక లేకపోతే మీ క్రిస్టల్ నిర్దోషి.

ఏ బ్యాండ్లు పోయాయన్నది కూడా చాలా చెబుతుంది. అమెరికా సైన్యపు ఆర్-390ఏ రిసీవర్‌లో 17 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పోతే 8 మెగాహెర్ట్జ్ లోపు బ్యాండ్లన్నీ ఒకేసారి పోతాయి. దాని రెండో ఆసిలేటర్‌లో 15 క్రిస్టల్సే 32 బ్యాండ్లకూ సర్దుకుంటాయి కాబట్టి, ఒక్కటి పోయినా సంబంధం లేనట్టు కనిపించే రెండు మూడు బ్యాండ్లు కలిసి పోవచ్చు. బ్యాండ్ స్విచ్ కాంటాక్టులు మురికి పట్టినా ఇదే లక్షణం వస్తుంది. నాబ్‌ను కొద్దిగా అటూఇటూ కదిపితే బ్యాండ్ వచ్చిపోతుంటే అది స్విచ్ పనే.

మల్టీమీటర్‌తో క్రిస్టల్ రెసిస్టెన్స్ చూడటం వల్ల పెద్దగా లాభం లేదు. మంచిదైనా చెడ్డదైనా ఓపెన్ అనే చూపిస్తుంది, షార్ట్ అయితే మాత్రం తెలుస్తుంది. కావాల్సింది నానోవీఎన్‌ఏ (ఫ్రీక్వెన్సీ మారుస్తూ సిగ్నల్ నష్టం కొలిచేది) లాంటి పరికరం. క్రిస్టల్‌ను రెండు పోర్టుల మధ్య సిరీస్‌లో పెట్టి, సిరీస్ రెజొనెన్స్ శిఖరం దగ్గర నష్టం ఎన్ని డెసిబెల్సో చదవండి. 50 ఓమ్‌ల పోర్టులకు లెక్క ఇలా ఉంటుంది:

| శిఖరం దగ్గర నష్టం | క్రిస్టల్ సిరీస్ రెసిస్టెన్స్ |
|---|---|
| 1.9 డెసిబెల్ | 25 ఓమ్ |
| 3.5 డెసిబెల్ | 50 ఓమ్ |
| 6 డెసిబెల్ | 100 ఓమ్ |
| 14 డెసిబెల్ | 400 ఓమ్ |

5 మెగాహెర్ట్జ్ పైన ఫండమెంటల్ (మూల ఫ్రీక్వెన్సీలోనే ఊగే) క్రిస్టల్‌కు 14 డెసిబెల్ వస్తే అది జబ్బు మనిషే. 1 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని వందల ఓమ్‌లు మామూలు, 100 కిలోహెర్ట్జ్‌లో ఇంకా ఎక్కువే ఉండొచ్చు. తక్కువ ఫ్రీక్వెన్సీ క్రిస్టల్స్‌కు స్వీప్ వెడల్పు బాగా తగ్గించి, నెమ్మదిగా తిప్పండి. అవి ఊగడం మొదలుపెట్టడానికే సమయం తీసుకుంటాయి. తొందరపడితే శిఖరం ఒరిగిపోయి పొట్టిగా కనిపిస్తుంది, మంచి క్రిస్టల్‌ను చెత్తబుట్టలో వేస్తారు.

ఇంకో సంగతి. ఇలా కొలిచేది సిరీస్ ఫ్రీక్వెన్సీ. వాల్వు సర్క్యూట్లు ఎక్కువగా క్రిస్టల్‌ను పారలల్ రెజొనెన్స్‌లో నడుపుతాయి, అక్కడ ఫ్రీక్వెన్సీ కాస్త ఎక్కువ. 7 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు, 32 పికోఫారడ్ లోడ్‌తో, ఈ తేడా 1–2 కిలోహెర్ట్జ్ ఉండొచ్చు. దీన్ని చూసి క్రిస్టల్ జారిపోయిందని అనుకోవద్దు.

## ఎంపికకు ముందు: ఈ క్రిస్టల్ చేసే పని ఏమిటి?

కాలిబ్రేటర్. 100 కిలోహెర్ట్జ్ సాధారణం; ఆర్-390ఏ లాంటి వాటిలో 200. ఇక్కడ ఫ్రీక్వెన్సీయే సర్వస్వం. 100 కిలోహెర్ట్జ్‌లో 1 హెర్ట్జ్ తప్పు 10 మెగాహెర్ట్జ్ గుర్తు దగ్గర 100 హెర్ట్జ్ అవుతుంది. కానీ ఇది ఆగిపోయినా రిసీవర్ పాట ఆగదు.

క్రిస్టల్ ఫిల్టర్. 1932లో జేమ్స్ లాంబ్ ప్రచారంలోకి తెచ్చిన సింగిల్ సిగ్నల్ సూపర్‌హెట్ నాటి నుంచి హామర్‌లండ్, నేషనల్, హాలిక్రాఫ్టర్స్ సెట్లలో ఫేజింగ్ నాబ్‌తో (పక్క సిగ్నల్‌ను అణచేది) వచ్చే ఫిల్టర్ ఇదే. ఇక్కడ కావాల్సింది పదును. ఫ్రీక్వెన్సీ అంకె దాదాపు అనవసరం. 455 అని రాసి ఉన్న క్రిస్టల్ 454.2 దగ్గర పలుకుతుంటే, ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) దశ మొత్తాన్ని 454.2కే అలైన్ చేయాలి, డయల్ తేడాను లోకల్ ఆసిలేటర్ అలైన్‌మెంట్ సర్దేస్తుంది. జారిన ఫిల్టర్ క్రిస్టల్‌ను మార్చడం డబ్బు దండగ.

కన్వర్షన్ ఆసిలేటర్. వచ్చే సిగ్నల్‌ను వేరే ఫ్రీక్వెన్సీకి మార్చేది; సాధారణంగా ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో క్రిస్టల్. డ్రేక్ ఆర్-4 వరుసలో బ్యాండ్ కింది అంచుకు 11.1 మెగాహెర్ట్జ్ కలిపితే క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ వస్తుంది: 7.0 బ్యాండ్‌కు 18.1, 9.5 బ్యాండ్‌కు 20.6. కొన్ని వందల హెర్ట్జ్ తప్పు డయల్ పాయింటర్ సర్దితే పోతుంది. ఆసిలేటర్ బలంగా, శుభ్రంగా ఉండటమే ముఖ్యం.

వాడ్లీ లూప్ (ఒకే క్రిస్టల్‌తో అన్ని బ్యాండ్లనూ నిలకడగా ఉంచే పద్ధతి) మూలం. రాకల్ ఆర్‌ఏ-17, యాసు (Yaesu) ఎఫ్‌ఆర్‌జీ-7లలోని 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. దీని హార్మోనిక్స్ (గుణిజ ఫ్రీక్వెన్సీలు) మీదే ప్రతి బ్యాండూ నిలబడి ఉంటుంది. ఇది ఆగితే అన్ని బ్యాండ్లూ ఒకేసారి మూగబోతాయి. జారితే బ్యాండ్ పైకి పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది.

కాబట్టి మీ క్రిస్టల్ విషయంలో నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి: ఫ్రీక్వెన్సీ ఎంత కచ్చితంగా ఉండాలి, సర్క్యూట్ దాన్ని ఎంత కరెంటుతో నడుపుతోంది, హోల్డర్ ఏ రకం, రేపు అసలు రూపానికి తిరిగి రాగలగాలా.

| దారి | ఎక్కడ బాగా పనికొస్తుంది | ఫ్రీక్వెన్సీ | అసలు రూపం | అసలు చిక్కు |
|---|---|---|---|---|
| కడగడం | ఎఫ్‌టీ-243 లాంటి స్క్రూ హోల్డర్లు | కాస్త పైకి పోవచ్చు | చెక్కుచెదరదు | పగలడం, ఎలక్ట్రోడ్లు తారుమారు కావడం |
| ట్రిమ్మర్ | నడుస్తున్నా జారినవి | కొద్దిపాటి సవరణ | దాదాపు అలాగే | చచ్చినదాన్ని బతికించదు |
| పాత సరుకు | 455 ఫిల్టర్లు, 100 కిలోహెర్ట్జ్ | అదృష్టాన్ని బట్టి | పూర్తిగా | దానికీ అదే వయసు |
| కొత్తగా చేయించడం | కన్వర్షన్, వాడ్లీ | చాలా బాగు | అడాప్టర్ కావొచ్చు | డ్రైవ్ ఎక్కువైతే పగులుతుంది |
| సింథసైజర్, డివైడర్ | ఎక్కువ బ్యాండ్లు పోయినవి, కాలిబ్రేటర్ | అన్నిటికన్నా మేలు | పోతుంది, తిరిగి తేవచ్చు | నాయిస్, స్పూర్లు (దొంగ కూతలు) |

## కడగడం

రెండో ప్రపంచ యుద్ధకాలపు క్రిస్టల్స్‌కు ఒక ప్రత్యేక జబ్బు ఉంది. రాపిడి పొడితో అరగదీసిన స్ఫటికం పై పొరలో సన్నటి పగుళ్లు మిగిలిపోయాయి. ఏళ్ల తరబడి తేమకు ఆ పొర నుంచి రేణువులు విడిపోతూ, ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతూ, ఊగే శక్తి తగ్గుతూ వచ్చింది. ఆసిడ్‌తో ఎచింగ్ చేయడం అలవాటయ్యాక ఈ జబ్బు తగ్గింది. అందుకే ఎచింగ్‌కు ముందు నాటి ఎఫ్‌టీ-243లలో రాలిన పొడిని కడిగేస్తే చాలాసార్లు మళ్లీ లేస్తాయి.

ఎఫ్‌టీ-243కి మూడు స్క్రూలు. మూత తీస్తే రబ్బరు గాస్కెట్, స్ప్రింగ్, ఒక ఎలక్ట్రోడ్ పలక, స్ఫటికం, రెండో పలక వరుసగా ఉంటాయి. ప్రతి పొర తీసేటప్పుడూ ఫొటో తీసుకుని, ఏ ముఖం ఎటు ఉందో పెన్సిల్‌తో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. స్ఫటికాన్ని ప్లాస్టిక్ చిమటాతో అంచులు పట్టుకునే తీయాలి. 7 మెగాహెర్ట్జ్ ఏటీ కట్ (స్ఫటికాన్ని కోసే ఒక కోణం) పలక మందం సుమారు 0.24 మిల్లీమీటర్లే, లోహపు చిమటా కాస్త నొక్కితే మూల విరిగిపోతుంది.

గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసిన గోరువెచ్చని నీళ్లలో మెత్తటి టూత్‌బ్రష్‌తో రెండు ముఖాలూ తుడిచి, డిస్టిల్డ్ నీళ్లలో కడిగి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, నూగు రాలని కాగితం మీద నిలబెట్టి ఆరనివ్వండి. ఎలక్ట్రోడ్ పలకలను ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. వాటి నాలుగు మూలల్లో స్ఫటికాన్ని పట్టుకునే సన్నటి ఎత్తులు ఉంటాయి, మధ్యలో గాలి సందు ఉండేది వాటి వల్లే. మెరుపు కోసం పలకను ఎమరీ కాగితం మీద రుద్దితే ఆ ఎత్తులు అరిగి, స్ఫటికం పలకకు అతుక్కుని, ఇక ఊగదు. హోల్డర్ పిన్నుల నలుపును మాత్రం నిస్సంకోచంగా గీకవచ్చు. గాస్కెట్ జిగటగా మారితే పారేసి కొత్తది కత్తిరించండి, లేకపోతే ఆ జిగటే మళ్లీ స్ఫటికం మీదికి చేరుతుంది.

ఆసిడ్ ఎచింగ్ ఇంట్లో చేయొద్దు. హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్, అమ్మోనియం బైఫ్లోరైడ్ చర్మం గుండా లోపలికి దిగి ఎముకల దాకా, రక్తంలోని కాల్షియం దాకా చెడగొడతాయి. ఒక్క బ్యాండ్ కోసం అంత ముప్పు తెచ్చుకోనక్కర్లేదు. ఇక అరగదీసి ఫ్రీక్వెన్సీ పెంచాలనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి: ఆ 0.24 మిల్లీమీటర్ల పలకలో ఒక మైక్రాన్ అరిగితే ఫ్రీక్వెన్సీ సుమారు 30 కిలోహెర్ట్జ్ ఎగురుతుంది. 1 కిలోహెర్ట్జ్ సవరణ కోసం మైక్రాన్‌లో ముప్పయ్యో వంతు తీయాలి. గాజు పలక మీద వెయ్యి గ్రిట్ పొడితో రెండు సుడులు, కడుగు, కొలువు, మళ్లీ రెండు సుడులు. దాటిపోతే వెనక్కి తేవడం కుదరదు. చేతికి పనికిరాని క్రిస్టల్స్ నాలుగైదు ఉంటే వాటి మీద సాధన చేయండి, సెట్టులోని అసలుదాని మీద కాదు.

హెచ్‌సీ-6/యూ లోహపు డబ్బాల సంగతి వేరు. అవి సీల్ చేసినవి, లోపల స్ఫటికానికే వెండి పూత. డబ్బాను గోటితో తడితే ఫ్రీక్వెన్సీ గెంతుతుంటే లోపలి తీగ అతుకు ఊడిందని అర్థం. దాన్ని విప్పడంలో లాభం లేదు. అయితే ఏళ్ల తరబడి నిద్రపోయి, తక్కువ కరెంటుతో లేవనని మొండికేసే రకం ఉంది. దాన్ని టెస్ట్ ఆసిలేటర్‌లో కాస్త ఎక్కువ డ్రైవ్‌తో కొన్ని గంటలు నడిపితే మళ్లీ దారికి రావచ్చు. పారేసే ముందు ఇది చేసి చూడండి.

## ట్రిమ్మర్

నడుస్తోంది కానీ జారింది అంటే ఇదే మొదటి దారి. పారలల్‌లో పెట్టిన ట్రిమ్మర్ ఫ్రీక్వెన్సీని కిందికి, సిరీస్‌లో పెట్టింది పైకి లాగుతుంది. 32 పికోఫారడ్ లోడ్ దగ్గర ఒక్క పికోఫారడ్‌కు 5–10 పీపీఎం (పది లక్షల్లో వంతులు) కదలిక ఉంటుంది, అంటే 10 మెగాహెర్ట్జ్‌లో 50–100 హెర్ట్జ్. యుద్ధకాలపు క్రిస్టల్స్ వయసుతో ఎక్కువగా పైకే జారతాయి కాబట్టి వాటికి ఎక్కువగా కావాల్సింది పారలల్ ట్రిమ్మరే. మరీ పెంచితే ఆసిలేటర్ బలహీనపడుతుంది, చల్లటి సెట్టులో లేవదు. కాలిబ్రేటర్‌ను డబ్ల్యూడబ్ల్యూవీ (అమెరికా ప్రామాణిక ఫ్రీక్వెన్సీ) స్టేషన్ 5, 10, 15 మెగాహెర్ట్జ్‌లలో ఏది వినపడితే దానితో జీరో బీట్ చేయండి (రెండిటి తేడా కూత సున్నా అయ్యేదాకా సర్దండి). పై ఫ్రీక్వెన్సీలో చేస్తే తప్పు పెద్దదై స్పష్టంగా వినపడుతుంది. సెట్టు కనీసం అరగంట వేడెక్కాకే తిప్పాలి.

## పాత సరుకులో వెతకడం

455 ఫిల్టర్ క్రిస్టల్ నిజంగా చనిపోతే ఈ దారికి మించింది లేదు. మార్కెట్‌లో తేలిగ్గా దొరికే 455 సిరామిక్ రెజొనేటర్ పిన్నులకు సరిపోయినా, దాని క్యూ (పదును కొలత) క్రిస్టల్ ముందు చాలా తక్కువ, ఫేజింగ్ నాబ్ తిప్పినా సిగ్నల్ విడిపోదు. దాని బదులు ఎఫ్‌టీ-241 హోల్డర్ల కోసం చూడండి. వాటి మీద రాసి ఉండేది ట్యాంకు రేడియో ఛానల్ ఫ్రీక్వెన్సీ, స్ఫటికం అసలు ఫ్రీక్వెన్సీ కాదు. 20.0–27.9 మెగాహెర్ట్జ్ వరుసను 54తో, 27.0–38.9 వరుసను 72తో భాగించాలి. 24.6 అని రాసి ఉంటే 455.56 కిలోహెర్ట్జ్, 72 వరుసలో 32.8 కూడా అంతే. 27.0 నుంచి 27.9 దాకా ఉన్నవి రెండు వరుసల్లోనూ వస్తాయి కాబట్టి కొనే ముందు ఏ వరుసదో అడగండి. వీటిలో పాడయ్యేది స్ఫటికం మధ్యలోని సన్నటి తీగ టంకం.

మిగతా ఫ్రీక్వెన్సీలకు పాత సరుకు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మీ క్రిస్టల్ వయసే దానికీ ఉంది. కొలిచి ఇచ్చేవాళ్ల దగ్గర కొంటేనే లాభం. పిన్నుల మందం కూడా చూసుకోండి: ఎఫ్‌టీ-243, హెచ్‌సీ-6/యూలకు పిన్నుల మధ్య దూరం ఒకటే, సుమారు 12.3 మిల్లీమీటర్లు. కానీ మొదటిదాని పిన్ను 2.4 మిల్లీమీటర్లు, రెండోదానిది 1.3. సన్నది లావు సాకెట్‌లో వదులై, మళ్లీ కాంటాక్ట్ చిక్కే.

## కొత్తది చేయించడం

ఆర్డరులో ఫ్రీక్వెన్సీ ఒక్కటే రాస్తే వచ్చేది సర్క్యూట్‌లో తప్పు చోట పలుకుతుంది. ఫండమెంటలా మూడో ఓవర్‌టోనా (సుమారు మూడింతల ఫ్రీక్వెన్సీలో ఊగేది), సిరీస్ మోడా లేక ఎన్ని పికోఫారడ్ లోడా, ఎంత డ్రైవ్ తట్టుకోవాలి, ఏ హోల్డర్, ఎంత టాలరెన్స్ అన్నవన్నీ సర్వీస్ మాన్యువల్ చూసి రాయాలి. 1 మెగాహెర్ట్జ్ లోపు క్రిస్టల్స్ చేసేవాళ్లు అరుదు, కాబట్టి ఈ దారి ప్రధానంగా కన్వర్షన్ క్రిస్టల్స్‌కే.

ముఖ్యమైన చిక్కు డ్రైవ్. పాత పెద్ద పలకలు కొన్ని మిల్లీవాట్లు ఓర్చుకునేవి. నేటి హెచ్‌సీ-49/యూ హద్దు సాధారణంగా 1 మిల్లీవాట్, పొట్టి హెచ్‌సీ-49/ఎస్‌ది ఇంకా తక్కువ. 50 ఓమ్‌ల క్రిస్టల్‌లో 1 మిల్లీవాట్ అంటే 4.5 మిల్లీఆంపియర్లు. పూర్తి ప్లేట్ వోల్టేజీతో నడిచే పియర్స్ ఆసిలేటర్ (ప్లేట్‌కూ గ్రిడ్‌కూ మధ్య క్రిస్టల్ ఉండే రకం) దీన్ని సులువుగా దాటేస్తుంది. అప్పుడు ఫ్రీక్వెన్సీ పాకుతూ పోయి చివరికి స్ఫటికం పగులుతుంది. ప్లేట్ లేదా స్క్రీన్ వోల్టేజీని, ఆసిలేటర్ నమ్మకంగా లేచేంత వరకే ఉంచి, మిగతాది రెసిస్టర్‌తో తగ్గించండి.

కొత్తది పెట్టే ముందు పాతది ఎందుకు పోయిందో చూడటం మరవొద్దు. ప్లేట్‌కూ క్రిస్టల్‌కూ మధ్య ఉన్న బ్లాకింగ్ కెపాసిటర్ లీకైతే హెచ్‌టీ (వాల్వు ప్లేట్లకు ఇచ్చే ఎక్కువ) వోల్టేజీ నేరుగా స్ఫటికం మీద పడుతుంది. ఆ కెపాసిటర్‌ను 500 వోల్టుల మైకా లేదా సిరామిక్‌తో మార్చకుండా కొత్త క్రిస్టల్ పెడితే, దానికీ అదే గతి.

సైజు చిక్కుకు చక్కటి ఉపాయం ఉంది. చచ్చిన ఎఫ్‌టీ-243 లోపల ఖాళీ చేసి, చిన్న క్రిస్టల్‌ను ఆ పిన్నులకే టంకం వేసి మూత బిగిస్తే, బయటికి పాత రూపమే ఉంటుంది.

## సింథసైజర్, డివైడర్

కాలిబ్రేటర్‌కు డివైడర్ చక్కగా కుదురుతుంది. 10 మెగాహెర్ట్జ్ టీసీఎక్స్‌ఓ (వేడికి జారకుండా సర్దిన క్రిస్టల్ ఆసిలేటర్), దాని వెనక ఒక 74హెచ్‌సీ390 కౌంటర్ చిప్ పెడితే వందతో భాగించి 100 కిలోహెర్ట్జ్ ఇస్తుంది. కానీ ఇక్కడ చాలామంది ఒక చోట ఇరుక్కుంటారు. ఆఖరి పదితో భాగించే దశను సమానమైన స్క్వేర్ వేవ్ వచ్చేలా కలిపితే సరి హార్మోనిక్స్ దాదాపు ఉండవు, అంటే డయల్ మీద ఒకటి విడిచి ఒక గుర్తు మాయమవుతుంది. బీసీడీ పద్ధతిలో కలిపితే పల్స్ ఐదో వంతు సేపే ఉంటుంది, అప్పుడు ప్రతి 500 కిలోహెర్ట్జ్ గుర్తూ పోతుంది. విరుగుడు: అవుట్‌పుట్‌ను 22 పికోఫారడ్ ద్వారా 1 కిలోఓమ్ మీదికి పంపి సన్నటి సూదుల్లా చేసి, 1ఎన్4148 డయోడ్‌తో ఒక దిక్కు సూదులనే యాంటెనా వైపు వదలండి. అప్పుడు ప్రతి గుర్తూ వినపడుతుంది.

కన్వర్షన్ క్రిస్టల్స్ స్థానంలో ఎస్‌ఐ5351 చిప్ పెట్టేవాళ్లు ఎక్కువ. చవక, ఏ ఫ్రీక్వెన్సీ అయినా ఇస్తుంది, పవర్ వచ్చిన ప్రతిసారీ అంకెలు చెప్పడానికి ఒక మైక్రోకంట్రోలర్ కావాలి. దాని అవుట్‌పుట్ 3.3 వోల్టుల స్క్వేర్ వేవ్, లో-పాస్ ఫిల్టర్ లేకుండా నేరుగా ఇస్తే హార్మోనిక్స్ వల్ల డయల్ నిండా దొంగ కూతలు వస్తాయి. క్రిస్టల్ సాకెట్‌లో గ్రిడ్ వైపు పిన్నుకు 1 నానోఫారడ్, 1 కిలోవోల్ట్ సిరామిక్ ద్వారా ఇస్తే పాత వాల్వే యాంప్లిఫైయర్‌గా పనిచేస్తుంది. రెండో పిన్నులో 100 నుంచి 250 వోల్టుల డీసీ ఉండొచ్చు, కొలవకుండా చేయి పెట్టొద్దు.

దీని బలహీనత ఫేజ్ నాయిస్ (సిగ్నల్‌లో ఉండే సన్నటి వణుకు). రాత్రిపూట బలమైన బ్రాడ్‌కాస్ట్ స్టేషన్ల పక్కన సన్నటి సిగ్నల్ వినాలంటే, చౌక సింథసైజర్ నాయిస్ పక్క స్టేషన్‌తో కలిసి హోరును పెంచుతుంది. క్రిస్టల్ ఆసిలేటర్ ఈ విషయంలో చాలా శుభ్రం. అందుకే ఒకటి రెండు క్రిస్టల్సే పోయిన సెట్టుకు ఇది నా సలహా కాదు.

## మీ సంగతికి ఏది?

సెట్టును అసలు రూపంలో ఉంచాలనుకునే సేకరణదారులు కడగడం, ట్రిమ్మర్, పాత సరుకు దాటి పోవద్దు. చచ్చిన క్రిస్టల్‌ను కూడా సంచిలో వేసి సెట్టులోనే ఉంచండి.

రోజూ వినేవాళ్లకు, ఒకటి రెండు బ్యాండ్లే పోయి ఉంటే, కొత్త క్రిస్టల్ చేయించడం అన్నిటికన్నా ప్రశాంతమైన దారి. ఆరేడు పోయి ఉంటే లెక్క మారుతుంది. ఒక్క సింథసైజర్ బోర్డు అన్నిటినీ మోస్తుంది, నాయిస్ తేడాను భరించగలరో లేదో ముందు ఒక్క బ్యాండ్‌లో పెట్టి రాత్రి వేళ విని తేల్చుకోండి.

వాడ్లీ లూప్ సెట్టున్నవాళ్లు ముందు ట్రిమ్మర్, ఆ తర్వాత కొత్త 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ చూడాలి. 10 మెగాహెర్ట్జ్ టీసీఎక్స్‌ఓను పదితో భాగించి ఇవ్వడం కూడా బాగా కుదురుతుంది, కానీ ఆ డివైడర్‌ను రేకు పెట్టెలో మూసి, పవర్ తీగలను ఫీడ్‌త్రూ కెపాసిటర్ల గుండా తీసుకురావాలి. డబ్బా వదిలేస్తే ప్రతి మెగాహెర్ట్జ్ దగ్గరా ఒక కూత కూర్చుంటుంది.